బయటికి నడుస్తున్న బొమ్మ

జనవరి 9

వదినకి,

నమస్కారాలు. ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే నా గొంతు పక్క మనిషికి అందదు, ఇక ఫోన్లో అయితే చెప్పేదేముంది? మొన్న నేనేం అడిగినా నువ్వు ‘ఆఁ? ఆఁ?’ అంటూనే ఉన్నావు. వెనకనుంచి మీ అక్కయ్యగారు లైను బాగాలేదేమో అంటున్నారు. లైను బాగానే ఉంది వదినా, నోట్లో నాలుక లేనిది నాకే. పైగా అక్కడ నీ చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ‘బాగున్నాను, ఉంటాను మరి’ అని పెట్టేస్తావు. అందుకని ఇవాళ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కలం కాగితం తీసుకుని కూర్చున్నాను. హైస్కూలు వదిలాక దరఖాస్తులు తప్ప ఇంకేమీ రాయలేదు. తప్పులుంటే నవ్వుకో.

మీ అక్కయ్యగారి మోకాలు ఎలా ఉంది? ఆపరేషను అయి ఇంటికి వచ్చేశారని విన్నాం. రోజూ ప్రార్థనలో ఆవిణ్ణి తలుచుకుంటున్నాను. ఇక నువ్వు ఎప్పుడు వస్తావో రాయి.

అన్నయ్య గురించి బెంగ పెట్టుకోకు. సాయంత్రం డిపో నుంచి వచ్చేసరికి నేను గిన్నె పట్టుకెళ్ళి ఇస్తున్నాను. వేళకి వెళ్తున్నాడు, వేళకి వస్తున్నాడు. ఇల్లు నువ్వున్నప్పటిలాగే ఉంది. తలుపు తీస్తే వెచ్చగా, హాయిగా. ఏ లోటూ లేదు.

స్కూలు టీచరమ్మ తన కోటు జిప్పు కోసం రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి వెళ్ళిందట. ఆ కోటు ఎక్కడ పెట్టావు?

నీ మేలు కోరే ఆడపడుచు,
చిట్టి

*

జనవరి 15

చిట్టీ,

ఉత్తరం అందింది. తప్పులేం లేవు, నా రాతకంటే నీదే గుండ్రంగా ఉంది. అక్కయ్య కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తోంది. అయినా నేను ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను.

ఇల్లు నేనున్నప్పటిలాగే ఉందన్నావు, ఏ లోటూ లేదన్నావు. నమ్ముతాను. నేనున్నప్పుడు కూడా ఆ ఇల్లు నన్ను లేనిదాని కిందే జమకట్టింది. అనుమానం ఉంటే హాల్లో గోడ మీది పెట్టెని అడుగు. నా సంగతి దానికి బాగా తెలుసు.

కోటు నా గదిలో ఎడమవైపు అరలో ఉంది. జిప్పు కుట్టలేదు. వేరే దర్జీకి ఇచ్చుకోమను.

వదిన

*

జనవరి 21

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు బోధపడలేదు. గోడ మీది పెట్టె అంటే పోయినేడు చలికి ముందు అన్నయ్య పెట్టించిన థర్మోస్టాటే కదా? ఏ వేళకి ఇంట్లో వేడి పెరగాలో, ఏ వేళకి తగ్గాలో దానంతటదే చూసుకుంటుందనీ, వేసవిలో చల్లగాలికీ అదేననీ, ఖర్చు బాగా కలిసొస్తుందనీ మెకానిక్కు చెప్పి బిగించి వెళ్ళాడు. అది చూడటానికి నేనూ వచ్చాను. ఆ రోజు నువ్వు కూడా సంతోషంగానే ఉన్నావు. ఉలుకూ పలుకూ లేని ఆ పెట్టెతో నీకేం పేచీ వచ్చింది?

మనసు ఆగక అన్నయ్యని అడిగాను. వదినకి ఈ పెట్టె మీద కోపంగా ఉన్నట్టుంది అన్నాను. కోపమైతే తీసేయిస్తాననీ, చేత్తో తిప్పుకునే పాత మరనే మళ్ళీ పెట్టిస్తాననీ అన్నాడు. చూశావా, నీ మాటంటే ఎంత విలువో. మా ఆయన రొట్టెల బట్టీ నుంచి వచ్చి ఈ సంగతంతా విని, ‘మా బట్టీ దగ్గరికి రండి, ఏ పెట్టే అక్కర్లేదు’ అని నవ్వాడు.

ఇక కోపం వదిలెయ్. ఎప్పుడొస్తావో రాస్తే అన్నయ్య స్టేషనుకి వస్తాడు.

చిట్టి

*

జనవరి 27

చిట్టీ,

నీకు రాసింది నీ కోసం రాశాను. నువ్వది పట్టుకెళ్ళి మీ అన్నయ్య ముందు పెట్టావు. ఆయన ఏమన్నాడు? తీసేయిస్తానన్నాడు. కోపం ఎందుకని అడిగాడా? డిపోలో ఏ డ్రైవరైనా సణిగితే బండి మార్చి పంపేస్తాడే, అలాగే అయింది నా పని కూడా.

పెట్టె మంచిదే. ఖర్చు తగ్గింది, అదీ నిజమే. బిల్లు వచ్చినప్పుడల్లా మీ అన్నయ్య దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసి మురిసిపోయేవాడు. ఆ మిగులు ఎక్కణ్ణించి వచ్చిందో నా వేళ్ళని అడిగితే చెప్పేవి.

నువ్వు సాయంత్రం పూట వచ్చి పోయేదానివి, నీకు తెలియదు. పొద్దున ఆయన బయటికి వెళ్ళి తలుపు వేసిన చప్పుడవుతుంది. కాసేపటికి గోడ మీద టిక్కుమంటుంది. నేలలోని జాలీల్లోంచి వచ్చే వేడిగాలి అంతటితో ఆగిపోతుంది. మొదట్లో అది గమనించలేదు. తర్వాత్తర్వాత తలుపు చప్పుడు వినగానే టిక్కు కోసం చెవి ఒగ్గేదాన్ని. కుట్టుమిషను ఉన్న వెనక గది నీకు తెలుసుగా, రెండువైపులా బయటి గోడలే. మధ్యాహ్నానికి సూది పట్టుకుంటే వేళ్ళ కొసలు తెల్లబడి, దారం తగులుతున్నదీ లేనిదీ తెలిసేది కాదు. ఆయన రావడానికి కాస్త ముందు మళ్ళీ టిక్కుమనేది. వచ్చేసరికి ఇల్లంతా వెచ్చన. కోటు విప్పి, మన ఇల్లు ఎంత హాయిగా ఉందో అనేవాడు.

శని, ఆదివారాలు ఆయన ఇంట్లో ఉంటాడు కదా, ఆ రెండు రోజులూ పొద్దుణ్ణించీ రాత్రి దాకా వెచ్చగానే ఉండేది. దీన్ని ఏమనుకోమంటావు?

ఒకరోజు పెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. తెర మీద చిన్న ఇల్లు, ఆ ఇంట్లోంచి బయటికి అడుగేస్తున్న మనిషి బొమ్మ. అంటే ఇంట్లో ఎవరూ లేరని. నేను దాని ఎదురుగా శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాను. పైకి బాణం గుర్తున్న మీట నొక్కాను. గాలి వచ్చింది. ఆ రోజంతా బాగుంది. మర్నాడు ఆయన వెళ్ళగానే మళ్ళీ టిక్కు, మళ్ళీ ఆ బొమ్మ. నేను పెంచితే ఆయన తగ్గించి వెళ్ళాడన్నమాట. బిగించిన రోజే దాని మీద చెయ్యి వెయ్యవద్దని నాతో అన్నాడు. మళ్ళీ వెయ్యలేదు.

ఇది ఆయన చెవిన పడితే నేను నీకు ఇంకో ముక్క రాయను.

వదిన

*

ఫిబ్రవరి 6

వదినా,

దేవుడి మీద ఆన, నేను పెదవి విప్పలేదు. అయినా జరగవలసింది జరిగింది. నెమ్మదిగా చదువు.

మంగళవారం అన్నయ్యకి జ్వరం. కంగారుపడకు, ఇప్పుడు తగ్గింది. ఆ రోజు డిపోకి వెళ్ళలేదు. మధ్యాహ్నం నేను వేడి పాలు పట్టుకెళ్ళేసరికి రెండు దుప్పట్లు, వాటి మీద డిపో కోటు కప్పుకుని హాల్లో పెట్టె ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇల్లు చల్లగా ఉంది. నువ్వు రాసిందంతా నా కళ్ళ ముందు కనపడింది.

‘ఇది పాడైనట్టుంది చిట్టీ’ అన్నాడు. ‘నేను ఇంట్లోనే ఉన్నాను కదా, నన్ను బయటికి పంపేస్తోందేమిటి?’

మెకానిక్కుకి అప్పటికే ఫోను చేశాడట. అతను వచ్చాడు, మీటలు నొక్కి చూశాడు. ఏమీ పాడవలేదన్నాడు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఇందులో రోజుకి నాలుగు వేళలు ఉంటాయట. లేవడం, బయటికి వెళ్ళడం, తిరిగి రావడం, పడుకోవడం. సెలవు రోజులకి వేరేగా ఉంటాయట. ఒక్కరోజుకి మనం మీట నొక్కి పెంచినా, మర్నాడు మళ్ళీ ఆ వేళల ప్రకారమే నడుస్తుందట. ఆ వేళలు మార్చుకునే పద్ధతి కాగితం మీద రాసి ఉంది, ఎవరూ మార్చినట్టు లేరే అన్నాడు. తర్వాత మామూలుగానే అడిగాడు, పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా అని.

‘ఉంటారు’ అన్నాడు అన్నయ్య. అని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

వదినా, అన్నయ్య పెట్టలేదు. ఆ బొమ్మని కంపెనీ పెట్టింది. నువ్వు పెంచినది అన్నయ్య తగ్గించలేదు, అదే తగ్గింది. చెయ్యి వెయ్యవద్దన్నది కూడా పిసినారితనం వల్ల కాదట. చెడిపోతే బాగుచేసుకోవడం తనకి చేతకాదని భయమట, మెకానిక్కుతో తనే అన్నాడు. ఇంతోటి దానికా మనం ఇంత బాధపడ్డాం? రాత్రి పడుకోబోయే ముందు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో. ఇక బట్టలు సర్దుకో.

చిట్టి

*

ఫిబ్రవరి 12

చిట్టీ,

జ్వరం తగ్గిందన్నావు, మంచిది. ఒంటి మీద గొంగడి లేకుండా కిటికీ తీసుకుని పడుకునే అలవాటు ఆయనది, అది మానమని చెప్పు.

నువ్వు చెప్పకుండానే తెలిసిందంటే నన్ను నమ్మమంటావా? జ్వరం సరిగ్గా ఇప్పుడే రావాలా? నీ మనసు మంచిది, ఇద్దరి మధ్యా తిరిగి ఎలాగోలా అతకాలని చూస్తావు. అందుకే అనుమానం.

సరే, నమ్మాననుకో. ఆయన పెట్టలేదు. ఇన్నాళ్ళూ మనసులో ఆయన్ని అనరాని మాటలన్నాను, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చిట్టీ, పెట్టలేదు సరే, చూడనూ లేదు కదా? రోజూ సాయంత్రం ఆ పెట్టె ముందునుంచే నడిచి లోపలికి వచ్చేవాడు. కంచం అందిస్తుంటే నా వేళ్ళు ఆయన చేతికి తగిలేవి. ‘ఇంత చల్లగా ఉన్నాయేం?’ అని ఒక్కసారి కూడా అనలేదు. డిపోలో ఏ డ్రైవరు ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో, ఎవరికి ఎక్కడ టీ తాగే వీలుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇంట్లో ఒక మనిషి పగలంతా ఏం చేస్తుందో తెలియదు.

నేనూ చెప్పలేదు, అది ఒప్పుకుంటాను. చెబితే పెంచేవాడే. కానీ నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న వెచ్చదనం నాకు వద్దనిపించింది. అది పొగరంటే పొగరే.

ఇంకొకటి నీకే చెబుతున్నాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చేతులు మరీ కొయ్యబారితే ఇస్త్రీపెట్టె పెట్టేదాన్ని. కుట్టిన బట్ట ఏదో ఒకటి ఇస్త్రీ చేసి, దాని మీద రెండు అరచేతులూ ఆనించుకుని కూర్చునేదాన్ని. అవసరం ఉన్నా లేకపోయినా అన్నీ ఇస్త్రీ అయ్యేవి. నా ఇస్త్రీని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఎందుకంత బాగుండేదో వాళ్ళకేం తెలుసు?

నన్ను తొందరపెట్టకు. ఆయనకి ఎవరూ ఏదీ చెప్పకుండా, తనంతట తాను ఒక్కటి చూసినా చాలు అని ఉంది నాకు. అది కూడా ఇప్పుడు నువ్వు చెప్పి చేయిస్తావేమోనని భయం.

వదిన

*

ఫిబ్రవరి 21

వదినా,

నువ్వు నన్ను అనుమానించావని బాధలేదు. అన్నయ్య తరఫున ఎప్పుడూ నేనే మాట్లాడతాను కాబట్టి నీకు అలా అనిపించింది. కానీ ఈ ఉత్తరంలో నేను రాసే ప్రతి మాటా దేవుడి ఎదుట కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకు పదిహేడో తారీకున అందింది. నేను చెప్పబోయేది దానికి ముందు రోజు జరిగింది. ముందు ఇది గుర్తుపెట్టుకో.

జ్వరం తగ్గినా అన్నయ్య డిపోకి వెళ్ళలేదు, సెలవు పెట్టాడు. పెట్టెని మాత్రం మార్చలేదు. మెకానిక్కు మారుస్తానంటే, ఉండనీయండి, కొన్నాళ్ళు ఇలాగే చూస్తానన్నాడట. చూడటం ఏమిటో నాకు తెలియలేదు. ఆ రోజు మధ్యాహ్నం వెళ్తే హాల్లో లేడు. నీ గదిలో ఉన్నాడు. మిషను ముందు నీ కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ఇస్త్రీపెట్టె వేడెక్కి ఉంది. తన చేతిరుమాలు ఇస్త్రీ చేసుకుని దాని మీద రెండు చేతులూ పరిచి ఉంచాడు. నన్ను చూసి తప్పు చేసినవాడిలా చేతులు తీశాడు.

‘ఇక్కడ వేళ్ళు వంగడం లేదు చిట్టీ’ అన్నాడు. ‘మీ వదిన కూడా ఇలాగే చేసేదా?’

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. నిలబడి చదువుతున్నదాన్ని, ఆ ఇస్త్రీ సంగతి దగ్గరికి రాగానే మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత అన్నయ్య డిపోలో డ్యూటీలు వేసే పెద్ద కాగితం ఒకటి తెచ్చి, నీ రోజుకి గళ్ళు గీశాడు. లేవడం అన్నచోట రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు. వదిన మిషను మీద ఎప్పుడు కూర్చుంటుంది, ఎప్పుడు లేస్తుంది, తనకోసం తాను ఎప్పుడైనా కూర్చుంటుందా అని నన్ను అడిగాడు. ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలో తిరుగుతున్నాను, నాకూ తెలియదు వదినా. ఇద్దరం ఆ గళ్ళు చూస్తూ కూర్చున్నాం. చివరికి కాగితం మడిచి పక్కన పెట్టి, మెకానిక్కుని పిలిచాడు.

ఇప్పుడు ఆ పెట్టె హాల్లో లేదు. అక్కడ నాలుగు మేకు కంతలూ, సున్నం తెల్లగా మిగిలిన చదరమూ ఉన్నాయి. నీ గదిలోకి మార్పించాడు. పెట్టె ఎక్కడుంటే అక్కడి చలినే అది లెక్కలోకి తీసుకుంటుందని, అందుకని హాలు ఉక్కగా తయారవుతుందని మెకానిక్కు ఎంతో చెప్పి చూశాడు. హాల్లో పగలు కూర్చునేదెవరని అన్నయ్య అడిగాడు. నీ కుర్చీలో తానే కూర్చుని, చెయ్యి చాచి, ఎక్కడికి అందుతుందో గోడ మీద పెన్సిలుతో గీత పెట్టాడు. లేవకుండానే నొక్కుకోవచ్చు. బయటికి వెళ్ళే వేళని పూర్తిగా తీసేయించాడు.

సోమవారం నుంచి డిపోకి వెళ్తున్నాడు. నిన్న మధ్యాహ్నం గిన్నె పెట్టి వద్దామని తలుపు తీశాను కదా, మా ఆయన బట్టీ లోపలికి అడుగుపెట్టినట్టే ఉంది. మనిషి లేని ఇల్లు, జాలీల్లోంచి గాలి ఒకటే రావడం. సాయంత్రం మెత్తగానే మందలించాను. గదిలో దీపం అనవసరంగా వెలిగితే ఊరుకోనివాడివి, ఖాళీ ఇంటికి ఇంత వేడి ఎందుకన్నయ్యా, ఆ పెట్టె పెట్టించుకున్నదే ఆదా కోసం కదా అన్నాను.

కోటు విప్పుతూ అటు తిరిగి అన్నాడు: ‘తగ్గించాలంటే ఇంట్లో ఎవరూ లేరని దానితో చెప్పాలి. పొద్దున వెళ్ళేముందు మీట దాకా వెళ్తున్నాను. చెప్పలేకపోతున్నాను.’

నిన్ను రమ్మని రాయడం లేదు. తొందరపెట్టకు అన్నావు కదా.

చిట్టి

*

ఫిబ్రవరి 26

చిట్టీ,

నీ ఉత్తరం అక్కయ్యకి కనపడకుండా పెరటి గుమ్మంలో కూర్చుని చదివాను. తేదీలు కూడా సరిచూసుకున్నాను, నన్ను క్షమించు.

మీ అన్నయ్యకి చెప్పు. ఎవరూ లేని ఇంటికి అంత వేడి దండగ. ఆదివారం దాకా పగటిపూట తగ్గించమను. సోమవారం పొద్దుణ్ణించీ తగ్గించనక్కర్లేదు.

టీచరమ్మ కోటు వేరే ఎవరికీ ఇవ్వకు.

వదిన

*

మార్చి 1

వదినా,

ఇది నువ్వు బయలుదేరేలోగా అందుతుందని మా పోస్టుమాన్ మాట ఇచ్చాడు, అందుకని తొందరగా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో పెట్టెకి సంబంధించిన మూడు మాటలే అన్నయ్యకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం ఇలా ఇవ్వమని చెయ్యి చాచాడు. ఆడవాళ్ళ ఉత్తరం, ఇవ్వనన్నాను. నా జీవితంలో అన్నయ్యకి ఎదురు చెప్పింది ఇదే మొదలేమో. నవ్వాడు. లేచి నీ గదిలోకి వెళ్ళాడు. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత టిక్కుమంది, జాలీల్లో గాలి ఆగిపోయింది. నువ్వు రాసిన ఆ చప్పుడు నేను వినడం ఇదే మొదటిసారి. చిన్నదే. కానీ ఇల్లంతా వినపడింది. బయటికి వచ్చి, ఆదివారం దాకా అంతే కదా అని నన్ను అడిగాడు. అంతే అన్నాను. కోటు మళ్ళీ తొడుక్కుని కూర్చున్నాడు.

స్టేషనుకి తనే వస్తాడు. మేం రాము. నీ చేతులు ఎలా ఉన్నాయని అడుగుతాడో లేదో నాకు తెలియదు, నేను చెప్పలేదు, చెప్పను కూడా.

ఒక్క కోరిక. నీ ఉత్తరాలన్నీ నా బట్టల అర అడుగున కాగితం కింద పెట్టాను. నావి కూడా నువ్వు అలాగే దాచు. పారెయ్యకు, ఎప్పుడైనా నీకు కోపం వచ్చినప్పుడు పదహారో తారీకు సంగతి తీసి చదువుకోవాలి. కానీ అన్నయ్యకి మాత్రం చూపించకు. ఎవరూ చెప్పకుండా తాను చూసింది అది ఒక్కటే. ఆ గది చలి సంగతి మనిద్దరికీ ముందే తెలుసునని అతనికి తెలియనక్కర్లేదు.

చిట్టి